గంపలో ఉండగానే చూడాలి

అనుమసముద్రంపేట దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన కుటుంబమైనా, పండక్కి అల్లుడొస్తున్నాడని ఆత్మకూరులో సంచి పట్టుకుని బయల్దేరిన అత్తగారైనా, పెరట్లో నాలుగు పెట్టల్ని పెంచుకుందామని ఉదయగిరి కొండ కింది పల్లె నుంచి బస్సెక్కిన రైతైనా కోళ్ల గంప దగ్గర చేసే మొదటి పని ఒకటే. "ఆ ఎర్రదాన్ని ఇటియ్యన్నా" అని చెయ్యి చాపుతారు. అమ్మేవాడు రెక్కలు వెనక్కి మడిచి అందిస్తాడు. ఎత్తి బరువు చూస్తారు, బేరం మొదలవుతుంది. అసలు చూడాల్సిన సమయం అప్పటికే దాటిపోయింది.

కోడి జబ్బును దాచుకునే జీవి. నీరసంగా కనిపించినదాన్నే గద్ద తన్నుకుపోతుంది, కుక్క పట్టుకుంటుంది, చివరికి తోటి కోళ్లు కూడా పొడుస్తాయి. అందుకే చెయ్యి పడగానే ఎంత జబ్బుకోడైనా తల ఎత్తి, కళ్లు విప్పి, కాళ్లు తన్నుకుంటుంది. ఆ హుషారు భయానిది. దాన్ని ఆరోగ్యమనుకుని డబ్బులిచ్చేవాళ్లు ఎక్కువ. గంపకు నాలుగడుగుల దూరంలో నిలబడి కాసేపు ఊరికే చూడండి. మనిషి మీద ధ్యాస తప్పాక నీరసపు కోడి తన అసలు తీరుకు వస్తుంది. మెడ లోపలికి లాక్కుని ఈకలు ఉబ్బించుకుని మూలకు చేరుతుంది. రెక్కలు వాలిపోతాయి, పట్టపగలే కునికిపాట్లు పడుతుంది. నాలుగు నూకలు చల్లమంటే అమ్మేవాడు కాదనడు. అన్నీ ఎగబడుతుంటే ఒకటి నిలబడి చూస్తోందా, దాన్ని వదిలేయండి. నా లెక్కలో ఇంతకు మించిన పరీక్ష లేదు.

ఎండాకాలంలో మాత్రం ఒక జాగ్రత్త. నలభై డిగ్రీలు దాటే నెల్లూరు ఎండలకు కోళ్లన్నీ నోరు తెరిచి రొప్పుతాయి. చెమట పట్టని ఒంటికి చల్లబడే దారి అదే. అన్నీ రొప్పుతుంటే అది ఎండ పని. చల్లటి పొద్దుటి పూట ఒక్కటే నోరు తెరిచి గురగుర శబ్దం చేస్తున్నా, తుమ్ముతున్నా, ముక్కు దగ్గర చీమిడి గట్టిపడి ఉన్నా అది శ్వాసకు సంబంధించిన జబ్బు.

ఇక చేతికి తీసుకోవచ్చు. ఒళ్లు కాలుతోందని కంగారు పడొద్దు, కోడి ఒంటి వేడి మామూలుగానే 106, 107 ఫారెన్‌హీట్ ఉంటుంది. రొమ్ము మధ్య ఎముకను వేళ్లతో తడమండి. దానికి రెండు వైపులా కండ నిండుగా తగలాలి. ఎముక కత్తి అంచులా పైకి లేచి ఉంటే ఆ కోడి చాలా రోజులుగా చిక్కిపోతోందని అర్థం. ఈకల ఉబ్బు చూసి మోసపోయేది ఇక్కడే. మెడ కింద మేతసంచి పొద్దున్నే మేత వేయకముందు ఖాళీగా ఉండాలి. అప్పుడే రాయిలా గట్టిగానో నీళ్ల తిత్తిలానో ఉంటే రాత్రి తిన్నది అరగలేదన్నమాట, లేదా తూకం కోసం ఎవరో దట్టంగా మేపి నీళ్లు పట్టించారు. తోక ఎత్తి ముడ్డి చుట్టూ ఈకలు చూడండి. పొడిగా ఉండాలి. ఆకుపచ్చ రెట్ట అంటుకుని ఉంటే వెంటనే అనుమానించాల్సింది కొక్కెర తెగులునే. రక్తం కలిసిన రెట్ట కాక్సీడియోసిస్‌ది. చాక్లెట్ రంగులో జిగటగా అప్పుడప్పుడు పడే రెట్ట మాత్రం సహజమే, దానికి భయపడి మంచి కోడిని వదులుకోవద్దు.

జుట్టు ఎర్రగా నిగనిగలాడాలి. పాలిపోతే రక్తం లేదు, పేలో నులిపురుగులో పీడిస్తున్నాయి. నీలం తిరిగితే ఆ గంప దగ్గరే నిలబడొద్దు. మన దగ్గర వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి, వెనకే దోమలు. వాటితో కోళ్ల మశూచి వస్తుంది. జుట్టు మీదా కంటి చుట్టూ నల్లటి పొక్కులు కడితే అదే.

ఆరోగ్యం సంగతి పక్కన పెడితే, మన సంతల్లో నడిచే పెద్ద మోసం మరొకటుంది. గుడ్ల ఫారాల్లో ఏడాదిన్నర దాకా గుడ్లు పెట్టి ఉడిగిన ఎర్ర లేయర్ కోడిని నాటుకోడి పేరుతో, నాటుకోడి ధరకు అమ్మడం. రంగు చూస్తే తేడా తెలియదు. ముక్కు చూడండి. ఫారంలో ఒకదాన్నొకటి పొడుచుకోకుండా పిల్లప్పుడే ముక్కు కొన కత్తిరిస్తారు, అది మొండిగానే ఉండిపోతుంది. పంజరంలో మన్ను కెలికే పని లేదు కనుక గోళ్లు పొడుగ్గా పెరుగుతాయి. పెరటి కోడి గోళ్లు అరిగి, మట్టి పట్టి ఉంటాయి. ఏడాది పైగా గుడ్లు పెట్టినదాని కాళ్ల పసుపు వెలిసిపోతుంది. రెక్కల ఈకలు పంజరం కమ్మీలకు రాసుకుని తెగి ఉంటాయి. ఆ కోడి జబ్బుది కానక్కర్లేదు, తినడానికి పనికిరాదనీ కాదు. కానీ ఇచ్చిన డబ్బుకు తగ్గ సరుకు కాదు.

ధర విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటుంది. ఉన్నట్టుండి చవకగా దొరికే నాటుకోడిని కొనకూడదు. ఊళ్లో తెగులు మొదలై రెండు కోళ్లు రాలగానే, మిగతావి చచ్చేలోపు నాలుగు డబ్బులు చేసుకుందామని సంతకు తోలడం పల్లెల్లో పాత అలవాటు. పేదవాడి నష్టభయం అర్థమవుతుంది. కానీ కొక్కెర ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి నడిచేది ఆ గంపల్లోనే. కొక్కెరనే రాణిఖేత్ అంటారు. 1926లో ఇంగ్లండులోని న్యూకాజిల్‌లో గుర్తించిన జబ్బే ఇది, ఆ వెంటనే హిమాలయాల్లోని రాణిఖేత్‌లో బయటపడింది. మందు లేదు, టీకా ఒక్కటే దారి. తల వెనక్కి మెలితిప్పుకుని తిరిగే కోడిని చూశారంటే జబ్బు అప్పటికే నరాలకెక్కింది.

బర్డ్‌ఫ్లూ కూడా మనకు దూరపు కబురేం కాదు. 2024 ఫిబ్రవరిలో పెన్న అవతల పొదలకూరు మండలం చాటగుట్లలోనూ, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలోనూ కోళ్లు వేలల్లో చనిపోయాయి. నమూనాలు భోపాల్ ప్రయోగశాలకు వెళ్లాయి, బర్డ్‌ఫ్లూ అని తేలింది. కిలోమీటరు పరిధిలో మూడు నెలలు, పది కిలోమీటర్ల పరిధిలో మూడు రోజులు చికెన్ దుకాణాలు మూయించారు. మరుసటి ఏడాది గోదావరి జిల్లాలు ఆ దెబ్బ తిన్నాయి. 2025 మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప ఈ వైరస్‌తో చనిపోయింది. కూర కోసం కోస్తున్నప్పుడు పచ్చి ముక్క తిన్నదని కుటుంబం చెప్పినట్టు వార్తలొచ్చాయి. డెబ్బై డిగ్రీల సెల్సియస్ వేడికి ఈ వైరస్ నిలవదు. మన నెల్లూరు కోడికూర పొయ్యి మీద కుతకుతలాడే వేడి అంతకంటే ఎక్కువే. ప్రమాదం పచ్చి మాంసం దగ్గర, కోసిన చేతుల దగ్గర, కత్తిపీట దగ్గర ఉంది. పిల్లల్ని అటు రానివ్వకండి.

కోసి అమ్మే దుకాణంలోనూ బతికున్న కోడిని చూపించి, కళ్లముందే కోయమనండి. కోసే క్షణానికి ప్రాణం ఉండాలని హలాల్ నియమం చెబుతుంది. దర్గా వీధిలో ఆ పట్టింపు సహజం, ఏ మతం వాళ్లకైనా అది మేలు చేసేదే. చచ్చాక కోసిన కోడిలో నెత్తురు సరిగా కారదు. కండ ముదురెరుపుగా, నీలంగా కమిలినట్టుంటుంది, నరాలు నల్లగా ఉబ్బి కనిపిస్తాయి. పసుపు దట్టించి ఉంచిన ముక్కల్లో ఇవేవీ తెలియవు.

పెంచుకోవడానికి కొన్నవాళ్లకు ఇంకో పని ఉంది. పైకి ఏ లోపం లేని కోడి లోపల తెగులు మోస్తూ రావచ్చు. కొక్కెర లక్షణాలు బయటపడటానికి ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. కొత్త కోడిని మూడు వారాల పాటు పాతవాటికి దూరంగా, వేరే గంప కింద, వేరే నీళ్ల చిప్పతో ఉంచాలి. మేత వేసేటప్పుడు ముందు పాతవాటికి వేసి తర్వాత దీని దగ్గరికి వెళ్లాలి. టీకా వేయించారా అని అమ్మినవాడిని అడిగితే ఎలాగూ ఔననే అంటాడు. కొక్కెరకు మొదటి వారంలో లసోటా టీకా చుక్కలు, ఎనిమిదో వారంలో ఆర్‌2బి సూది అన్నది మామూలు పద్ధతి. టీకా సీసా సాధారణంగా వంద మోతాదులది, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. నాలుగు పెట్టలున్న ఇంటికి అది కుదరదు కనుక, వీధి వీధంతా ఒక రోజు అనుకుని పశువైద్యశాలకు కబురు చేస్తే సరిపోతుంది. కోళ్లు వరసగా చస్తుంటే కూడా కబురు అక్కడికే వెళ్లాలి. చచ్చినవాటిని కాలువలో విసరకుండా, కుక్కలు తవ్వలేనంత లోతు గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చాలి.