శబ్దతరంగములతో క్యాన్సరు చికిత్స

భూతద్దమును ఎండలో పట్టి దాని క్రింద కాగితము నుంచినచో, కిరణములన్నియు ఒక్క బిందువున చేరి కాగితమును కాల్చును. అద్దము మాత్రము కాలదు. వెలుతురుతో జరుగు ఈ పని శబ్దముతో కూడ జరుగును. ఆ సూత్రముపై, పురుషులకు వచ్చు ఒక క్యాన్సరునకు ఏర్పడిన చికిత్సను గూర్చి ఇచట వివరింప దలచితిమి.

ప్రోస్టేటు అనునది పురుషులలో మూత్రాశయమునకు దిగువ, మూత్రనాళమును చుట్టుకొని యుండు చిన్న గ్రంథి. వయసు మీఱినకొలది అది పెరుగుట సహజము. ఆ పెరుగుదల యంతయు క్యాన్సరు కాదు. కొందఱిలో మాత్రము అందు క్యాన్సరు పుట్టును. గ్రంథిని శస్త్రముతో తొలగించుటయు, రేడియేషను కిరణముల చికిత్స చేయుటయు చిరకాలముగ నున్న మార్గములు. రెండును ప్రాణమును నిలుపునవే. అయినను గ్రంథి నానుకొనిన నరములకును, మూత్రమును అదుపుచేయు కండరములకును హాని కలుగవచ్చును.

సెకనుకు 20,000 కంపనములు మించిన ధ్వని మన చెవికి వినబడదు. దానిని అతిధ్వని యందురు. 1880లో ఫ్రాన్సు దేశమున జాక్ క్యూరీ, పియర్ క్యూరీ సోదరులు కొన్ని స్ఫటికములను నొక్కినపుడు విద్యుత్తు పుట్టునని కనుగొనిరి. అట్టి స్ఫటికమునకు విద్యుత్తు నిచ్చినచో అది కంపించి ధ్వనిని పుట్టించును. గర్భస్థ శిశువును చూపు స్కానింగు యంత్రమునకు మూలమిదియే.

చికిత్సకు సెకనుకు సుమారు 30, 40 లక్షల కంపనములు గల ధ్వనిని వాడుదురు. రోగికి మత్తునిచ్చి, పరికరమును మలద్వారము గుండ చొప్పింతురు. గ్రంథి దాని చెంతనే యుండును. దారిలో పలుచగా సాగు తరంగములు ఒక్కచోట కూడి, కొన్ని సెకనులలో 60 డిగ్రీల సెంటీగ్రేడును మించిన వేడిని పుట్టించును. ఒక్కొక్క తడవ నశించు భాగము ఇంచుమించు వడ్లగింజంత. గింజ ప్రక్క గింజ పేర్చినట్లు, వైద్యుడు తెరపై చూచుచు వ్యాధి సోకిన భాగమును నశింపజేయును. కత్తితో కోత లేదు.

1954 వఱకు మన యానాం నేలిన ఫ్రాన్సులోనే, లియోన్ నగరమున, 1990 దశకములో ఈ విధానము ప్రోస్టేటు చికిత్సకై వృద్ధిచెందెను. 2015లో అమెరికా ప్రభుత్వము ప్రోస్టేటు కణజాలమును నశింపజేయుటకు ఇట్టి యంత్రములను అనుమతించెను.

దీనికిని హద్దులు కలవు. గ్రంథిని దాటి ఎముకలకు ప్రాకిన వ్యాధిని ఇది నయము చేయజాలదు. మిగిలిన భాగమున వ్యాధి మరల పుట్టవచ్చును గనుక పి.ఎస్.ఎ. అను రక్తపరీక్షను మానరాదు. మూత్రబాధలు కొందఱికి కలుగవచ్చును. అన్ని ఆసుపత్రులలో లభించునది కాదు. శస్త్రచికిత్సవలె దీర్ఘకాలము ఫలించునా యను విషయమింకను పరిశోధనలో నున్నది.

కావున వ్యాధి గ్రంథిలోనే యుండగా కనుగొనుట ముఖ్యము. తొలిదశలో తఱచుగా ఏ బాధయు నుండదు. బాధ యున్నను మన యిండ్లలో పెద్దలు చెప్పుకొనుటకు సిగ్గుపడి, వయసు వచ్చెను గదా యని సరిపెట్టుకొందురు. ఏబది యేండ్లు దాటినవారు, తండ్రికో సోదరునికో ఈ వ్యాధి వచ్చినచో ఇంకను ముందుగనే, రక్తపరీక్షను గూర్చి వైద్యుని అడుగవలెను. 2024లో మన యానాంలోనే జిప్మర్ వారి వైద్య సంప్రదింపు కేంద్రము ప్రారంభమైనది.

విద్యార్థులారా! ఈ వ్యాసమును ఇంట మీ తాతగారికి, నాన్నగారికి చదివి వినిపింపుడు.