మీకు తెలుసా? కెమెరాల ముందే కూలిన హెలికాప్టర్

2002 మే 30న అమెరికాలోని ఒరెగాన్‌లో, మౌంట్ హుడ్ శిఖరం దగ్గర పర్వతారోహకులు మంచు పగులులో పడిపోయారు. ముగ్గురు చనిపోయారు. గాయపడ్డవాళ్ల కోసం వెళ్లిన పేవ్ హాక్ హెలికాప్టర్ 10,000 అడుగులకు పైన, గాలిలో నిలిచి ఉండగానే పట్టు తప్పింది. అంత ఎత్తున గాలి పలచన. రెక్కలు ఎంత తిరిగినా మోసే బలం తగ్గుతుంది, ఇంజన్ శక్తీ తగ్గుతుంది. ముందుకు ఎగరడం కన్నా ఒకేచోట నిలబడటమే అక్కడ కష్టం! స్ట్రెచర్‌కు తగిలించిన కేబుల్‌ను సిబ్బంది క్షణాల్లో తెంచేశారు, లేకుంటే క్షతగాత్రుణ్ణీ ఈడ్చుకుపోయేది. హెలికాప్టర్ వాలు వెంట దొర్లుకుంటూ పోయింది. టీవీలో జనం చూస్తూనే ఉన్నారు. సిబ్బందిలో బయటికి ఎగిరిపడ్డ ఒకరి మీదుగానే అది దొర్లింది. మెత్తటి మంచులో కూరుకుపోవడంతో ఆయన బతికాడు. నమ్మడం కష్టమేగానీ, మొత్తం ఆరుగురు సిబ్బందీ ప్రాణాలతో బయటపడ్డారు.