గంధకం తీసేస్తే కుదిరిన మందు

చిన్నీ, మొన్న పెళ్లి భోజనంలో మిరపకాయ బజ్జీలు లాగించి రాత్రంతా పులితేన్పులతో అవస్థ పడ్డ మీ నాన్నకి, నీ తుమ్ముల మాత్ర ఇవ్వమన్నావు. అందరూ నవ్వారు గానీ, నీ మాటలో పస ఉంది. ముక్కు కారడానికీ, కడుపులో ఆమ్లం ఊరడానికీ వెనకున్న రసాయనం ఒకటే, హిస్టమిన్. మరి తుమ్ములు ఆపే మాత్ర కడుపు జోలికి ఎందుకు పోదు?

ఈ ప్రశ్న పట్టుకున్నవాడు జేమ్స్ బ్లాక్. గుండె మందు ప్రొప్రనొలాల్‌ని తెచ్చినాయనే. 1964లో ఇంగ్లండులోని వెల్విన్ గార్డెన్ సిటీలో, స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ వారి ప్రయోగశాలలో చేరాడు. అప్పట్లో కడుపులో పుండంటే పాలూ మజ్జిగా, సోడా ఉప్పు, ముదిరితే కోత. మెపిరమిన్ లాంటి తుమ్ముల మందులకు ఆమ్లం లొంగదు. అంటే హిస్టమిన్‌కి ఒంట్లో రెండు రకాల గ్రాహకాలు ఉండాలని బ్లాక్ లెక్క.

గ్రాహకమంటే హిస్టమిన్ వచ్చి కూర్చునే సీటు. ఆర్టీసీ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీద తువ్వాలు పడేస్తాం చూడు, ఆ తువ్వాలే మందు. సీటు ఆక్రమిస్తుంది, తాను మాత్రం ఏ పనీ చెయ్యదు. జనం మరీ తోసుకొస్తే తువ్వాలు పక్కకు నెట్టేస్తారు కదా, ఇక్కడా అంతే. హిస్టమిన్ పెరిగితే మోతాదూ పెంచాలి.

అలాంటి తువ్వాలు నేయడానికి హిస్టమిన్ అణువునే నమూనాగా పెట్టుకుని, ఇక్కడో ముక్క అక్కడో ముక్క మార్చుకుంటూ పోయారు. మత్తిచ్చిన ఎలుక కడుపులోంచి ద్రవం పారించి, హిస్టమిన్ ఎక్కించి, బయటికొచ్చే ఆమ్లాన్ని కొలవడం, ఇదీ పరీక్ష. నాలుగేళ్లు ఏదీ కుదరలేదు. తమాషా ఏమంటే, మొదట్లో చేసిన గ్వానిల్ హిస్టమిన్‌లోనే కిటుకు దాగుంది. అది సీటైతే పట్టింది గానీ, తానూ కాస్త ఆమ్లం ఊరించేది. అందుకే ముందు పక్కన పడేశారు, తర్వాత మళ్లీ పరీక్షిస్తే దొరికింది. దాని తోకలో ధనావేశం ఉంది, ఆమ్లం ఊరించే గుణం దానివల్లే. ఆ ఆవేశం లేని థయోయూరియా ముక్క పెట్టి, గొలుసు పొడిగిస్తే బురిమమైడ్ వచ్చింది. రెండో రకం గ్రాహకం ఉందని 1972లో లోకానికి రుజువు చేసింది అదే. కానీ మాత్రగా మింగితే చాలినంత పనిచెయ్యదు.

మరింత మార్చి మెటియమైడ్ చేశారు. బలం పదింతలు, పుళ్లు మానుతున్నాయి. ఇక గెలిచినట్టే అనుకుంటుండగా, కొందరు రోగుల్లో తెల్లరక్తకణాలు పడిపోయాయి. అనుమానం తోకలోని థయోయూరియా మీదికి పోయింది. అందులోని గంధకం తీసి, ఆ చోట సైనో తగిలించిన నత్రజని పెట్టారు. సైనో అనగానే సైనైడ్ అని బెదిరిపోకు, ఇక్కడ అది ఎలక్ట్రాన్లను తనవైపు లాగి తోకకు మళ్లీ ఆవేశం రాకుండా కాపలా కాస్తుంది. గొలుసులో ఉన్న ఇంకో గంధకం జోలికి మాత్రం వెళ్లలేదు, దానితో పేచీ లేదు. అదే సిమెటిడిన్. 1976లో ఇంగ్లండులో టాగమెట్ పేరుతో బజారుకొచ్చింది. బ్లాక్‌కి 1988లో నోబెల్ వచ్చింది.

అయితే హిస్టమిన్ దగ్గర అరువు తెచ్చుకున్న ఇమిడజోల్ వలయం ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. కాలేయంలో మందుల్ని విరగ్గొట్టే ఎంజైముల్లోని ఇనుముకు అది అతుక్కుంటుంది. దాంతో రక్తం పలచబరిచే వార్ఫరిన్, ఉబ్బసానికిచ్చే థియోఫిలిన్ ఒంట్లో పేరుకుపోతాయి. వేరే మాత్రలు వాడుతున్నామని డాక్టరుకి చెప్పమనేది ఇందుకే. ఆ వలయం బదులు ఫ్యూరాన్ పెట్టి గ్లాక్సో వాళ్లు 1981లో తెచ్చింది రానిటిడిన్. మీ నాయనమ్మ మందుల డబ్బాలో ఏళ్ల తరబడి ఉన్న గ్యాసు మాత్ర అదే. నిల్వలో హానికర పదార్థం పుడుతోందని 2020లో అమెరికా దాన్ని బజారు నుంచి తీయించేసింది. ఇప్పుడు మీ నాన్న వేసుకునే ఒమెప్రజోల్‌కి ఈ సీట్లతో పనేలేదు, ఆమ్లాన్ని తోడే పంపునే పట్టుకుంటుంది.