పెరట్లో పురుడు



ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వస్తే మనం ఏం చేస్తాం? గదిలో గాలీ వెలుతురూ సరిచూస్తాం. గోల చేయవద్దని పిల్లల్ని కసురుతాం. చూడవచ్చిన వాళ్ళందరినీ ఒక్కసారిగా లోపలికి పోనివ్వం. ఇవాళ నేను చెప్పబోయేది కూడా పురిటి కబురే. కాకపోతే వచ్చింది మన అమ్మాయి కాదు, మన పెరట్లో గూడు కట్టుకునే పిట్ట.

మా దువ్వూరు కర్నూలు నుంచి కడపకు వెళ్ళే పెద్ద రోడ్డు మీది ఊరు. చుట్టూ కె.సి. కెనాలు నీళ్ళతో పండే వరిమళ్ళు, పసుపు తోటలు. తూర్పున నల్లమల కొండలు, పడమట కుందూ నది. ఇలాంటి చోట ఇంటి వెనక ఒక కరివేప, ఒక నిమ్మ, ఒక జామ ఉంటే చాలు, పిలవకుండానే చుట్టాలు వస్తారు. పట్నంలో ఉన్న మీలో చాలామందికి పెరడు లేకపోవచ్చు. వరండాలో నాలుగు కుండీలూ, బట్టలారేసే తీగా ఉన్నా సరే, ఈ మాటలు మీకూ పనికివస్తాయి.

ముందు ఆ చుట్టాలెవరో చూద్దాం. తలమీద నల్లటి చిన్న కుచ్చు, తోక కింద ఎర్రటి బొట్టు ఉన్న పిట్ట బుల్‌బుల్. మన పెద్దవాళ్ళు పిగిలిపిట్ట అంటారు. సన్నటి వేళ్ళూ, పుల్లలూ తెచ్చి నిమ్మచెట్టులోనో, కుండీలోని గుబురు మొక్కలోనో గిన్నెలాంటి గూడు అల్లుతుంది. రెండు మూడు గుడ్లు పెడుతుంది. లేత గులాబి రంగు మీద కుంకుమ చల్లినట్టు మచ్చలుంటాయి.

రెండోది తేనెపిట్ట. బొటనవేలంత పిట్ట, వంకర ముక్కు. మగది ఎండలో నీలంగా, ఊదాగా మెరుస్తుంది. ఆడది పసుపు కలిసిన బూడిదరంగు. గూడు కట్టే పని, గుడ్లు పొదిగే పని ఆడదానిదే. పిల్లలు పుట్టాక మాత్రం మేత తేవడానికి మగడూ సాయం వస్తాడు. దాని గూడు కొమ్మకో, తీగకో వేలాడే చిన్న సంచి. గుమ్మం మీద ఎండా వానా పడకుండా చూరు కూడా ఉంటుంది.

మూడోది దర్జీపిట్ట. ముక్కే దీనికి సూది. ఆకు అంచులకు చిల్లులు పొడిచి, దూదీ నారా దూర్చి, ఆకును దొన్నెలా కుట్టి, అందులో మెత్తటి పక్క వేసుకుంటుంది. కుట్టినా ఆకు చెట్టునే ఉండి పచ్చగా ఉంటుంది కాబట్టి మనకు కనిపించదు. శత్రువులకూ తొందరగా కనిపించదు.

ఈ మూడింటికీ కావలసిన ముఖ్యమైన వస్తువు ఏమిటనుకున్నారు? సాలెగూడు! పుల్లకూ పుల్లకూ అతుకు వేసేది, ఆకుకు కుట్టు బిగించేది, సంచిని కొమ్మకు వేలాడదీసేది సాలీడు దారమే. మనం బూజు అని విసుక్కుని దులిపేది వాటికి నూలు. ఇల్లంతా బూజు పట్టనివ్వమని నేను చెప్పడం లేదు. పెరటి గోడ మూలన, చెట్ల మధ్యన ఉన్నదాని జోలికి మాత్రం వెళ్ళకండి.

ఎండాకాలంలో కోకిలమ్మ పాడుతోందని మురిసిపోతాం కదా. నిజానికి ఆ కూత మగకోకిలది. నల్లగా నిగనిగలాడేది అదే. ఆడకోకిల గోధుమరంగు మీద తెల్లచుక్కలతో ఉంటుంది. పాట రాదు, కిక్ కిక్‌మని అరుస్తుంది. సొంత గూడు కట్టదు, కాకి గూట్లో గుడ్డు పెట్టి పోతుంది. పాపం, కాకి సాకుతుంది!

ఇక అసలు సంగతికి వస్తాను. బుల్‌బుల్ గూడు కట్టడానికి కొద్ది రోజులు పడుతుంది. రోజుకొక గుడ్డు చొప్పున పెడుతుంది. పొదగడానికి రెండు వారాలు, పిల్లలు గూడు వదలడానికి ఇంకో రెండు వారాలు. అటూ ఇటూగా ఒక నెల. దర్జీపిట్టకూ, తేనెపిట్టకూ ఇంచుమించు ఇదే లెక్క. అంటే ఒక సంసారం నిలబడటానికి మన దగ్గర అవి అడిగేది ఒక్క నెల గడువు.

కష్టం ఎక్కడ వస్తుందంటే, సరిగ్గా మనకు పనులు పడే రోజుల్లోనే వాటికీ పురుళ్ళు. ఉగాదికి ముందు సున్నాలు కొట్టిస్తాం. కొమ్మలు అడ్డం వస్తున్నాయని కొట్టించేస్తాం. ఎండలు ముదరకముందే పెరట్లో సిమెంటు వేయించాలనుకుంటాం. బుల్‌బుల్, తేనెపిట్ట ఎక్కువగా గూళ్ళు కట్టేది కూడా అప్పుడే. కూలిమనిషికి కత్తి ఇచ్చేముందు ఒక్కసారి ఆ చెట్టును మీ కంటితో చూడండి. గూడు ఉంటే ఆ కొమ్మను వచ్చే నెలకు వాయిదా వేయండి. పండగకు అదేమీ లోటు కాదు.

ఎలా చూడాలి అంటారా? పది పన్నెండు అడుగుల దూరం నుంచి చూడండి. వంటింటి కిటికీ అంత మంచి చోటు ఇంకొకటి లేదు. గూట్లోకి మాటిమాటికీ తొంగిచూడకండి. పిల్లలకు చూపిస్తామని ఆకులు పక్కకు లాగకండి. ఆ ఆకులే గూటికి తెర. మనం పదేపదే అక్కడికి వెళితే కాకీ పిల్లీ మన వెనకే కనిపెడతాయి. అదీగాక గూడు కట్టేటప్పుడూ, కొత్తగా గుడ్లు పెట్టినప్పుడూ అదిలిస్తే కొన్ని పిట్టలు ఆ గూటిని వదిలేసి వెళ్ళిపోతాయి.

మనలో ఒక మాట ఉంది, మనిషి చెయ్యి తగిలిన పిల్లను తల్లి ముట్టదని. అది నిజం కాదు. మన మైల పక్షులకు అంటదు. ఈకలు రాని పసిగుడ్డు కింద పడితే మెత్తగా తీసి గూట్లో పెట్టండి, తల్లి మేపుతుంది. ఈకలు వచ్చి గెంతుతున్న పిల్ల నేలమీద కనిపిస్తే మాత్రం అది అనాథ కాదు, ఎగరడం నేర్చుకుంటోంది. తల్లీతండ్రీ పక్కనే ఉండి మేత పెడతాయి. పిల్లి రాకుండా చూడండి, కావాలంటే పక్క పొదమీద కూర్చోబెట్టండి. ఇంట్లోకి తెచ్చి పాలన్నం పెట్టకండి. పాలు దానికి అరగవు. ముక్కు తెరిచి నీళ్ళు పోస్తే ఊపిరిగొట్టంలోకి పోయి చచ్చిపోతుంది. జాలితో చేసిన పని ప్రాణం తీయకూడదు కదా.

దూరం నుంచి చూసినా ఎన్ని కనిపిస్తాయో! పిల్లల రెట్ట తెల్లటి చిన్న సంచిలా వస్తే, తల్లో తండ్రో దాన్ని ముక్కున కరుచుకుని దూరంగా పారేసి వస్తాయి. పొత్తిగుడ్డలు ఉతికిన మనకు ఆ పని బాగా అర్థమవుతుంది. పండ్లు తినే బుల్‌బుల్, గింజలు తినే ఊరపిచ్చుక కూడా పసిపిల్లలకు పురుగులే ఎక్కువగా పెడతాయి. అందుకే కరివేపమీదా, గులాబీలమీదా పురుగుమందు కొట్టేముందు ఆలోచించండి. ఆ పురుగు వాటికి బాలింత పథ్యం లాంటిది.

పెరటికి వచ్చేవి పిట్టలొక్కటే కాదు. వీపుమీద మూడు చారల ఉడుత, గోడమీద తొండ, ఒక్కోసారి పొలాల నుంచి ముంగిస. ఉడుతా ముంగిసా వీలు దొరికితే గుడ్లు తింటాయి. వాటి బతుకు అది. ముంగిస ఎలుకల్నీ పాముల్నీ కూడా పడుతుంది. ఆ లెక్కలు వాటికే వదిలేద్దాం. మనం అన్నం పెట్టి పెంచే పిల్లిని మాత్రం గూడున్న నాళ్ళు లోపల ఉంచడం మన చేతిలోని పని.

ఏప్రిల్, మే నెలల్లో మా కడప జిల్లాలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. లోతు లేని మట్టి మూకుడులో నీళ్ళు నీడన పెట్టండి. రోజూ కడిగి మార్చండి. పిచ్చుకలకు చూరున వరికంకుల కుచ్చు కట్టడం మన పెద్దల అలవాటు. ఇప్పుడు పట్నంలోనూ కట్టుకోవచ్చు.

చట్టం సంగతి కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పిట్టల గూళ్ళు పాడుచేయడం, గుడ్లు తీయడం వేటాడటంతో సమానం. రామచిలుకను పంజరంలో పెట్టి పెంచడమూ తప్పే.

మేమేం చదువుకున్నాం, మాకెందుకు ఇవన్నీ అనుకోకండి. బీహారులో పుట్టి రాంచీలో ఉన్న జమాల్ ఆరా గారు పదో తరగతి వరకే చదివారు. పక్షుల మీద ఆమె రాసిన 'వాచింగ్ బర్డ్స్' అనే పుస్తకాన్ని 1970లో నేషనల్ బుక్ ట్రస్టు వారు ప్రచురించారు. మన జిల్లా సంగతే చూడండి. 1900 తరువాత ఎవరికీ కనిపించలేదని శాస్త్రజ్ఞులు అనుకున్న కలివికోడి, 1986 జనవరిలో సిద్ధవటం వైపు లంకమల అడవుల దగ్గర మళ్ళీ దొరికింది. శాస్త్రజ్ఞులకు దాని జాడ చూపినవాళ్ళు ఆ పక్కల ఊళ్ళ మనుషులే. అంటే కళ్ళు తెరిచి చూసేవాళ్ళు ఉండాలే కాని, చదువు అడ్డం కాదు.

పిల్లలు వాడగా మిగిలిన నోటుపుస్తకం ఒకటి వంటింటి కిటికీలో పెట్టుకోండి. మొదటి పుల్ల ఏ రోజు తెచ్చింది, ఏ రోజు నుంచి పొదుగుతోంది, పిల్లలు ఎప్పుడు ఎగిరిపోయాయి, తేదీలు వేసి రాయండి. రెండేళ్ళు రాస్తే, ఏ చెట్టు కొమ్మలు ఏ నెలలో ముట్టుకోకూడదో మీ పుస్తకమే చెబుతుంది. అప్పుడు ఇంట్లో కొమ్మలు కొట్టించే మాట వస్తే, "ఒక్క నెల ఆగండి" అని తేదీ చూపించి మరీ చెప్పవచ్చు.