‘టచ్ అండ్ గో’: ఒక జాతీయం, ఒక అనుభవం

ఆంగ్లభాషలో ‘టచ్ అండ్ గో’ అనే జాతీయమొకటి ఉన్నది. ఏ క్షణాన ఎటు మొగ్గుతుందో చెప్పలేని పరిస్థితిని ఈ మాట సూచిస్తుంది. శస్త్రచికిత్స తరువాత రోగి గట్టెక్కుతాడో లేదో తెలియని రాత్రి వైద్యులు వాడే మాట ఇది.

1867లో వెలువడిన అడ్మిరల్ స్మైత్ నావిక పదకోశంలో దీనికి చక్కని వివరణ ఉన్నది. ఓడ అడుగుభాగం నేలను రాసుకొని, వేగం అంతగా తగ్గకుండానే ముందుకు సాగిపోవడాన్ని నావికులు ఇలా అనేవారు. ఓడ తప్పించుకున్నదన్నమాట నిజమే, కాని వెంట్రుకవాసిలో! విమానచోదకుల శిక్షణలోనూ ఈ మాట వినిపిస్తుంది. చక్రాలు రన్‌వేను తాకగానే విమానాన్ని తిరిగి పైకి లేపే అభ్యాసానికి అదే పేరు. అక్కడ మాత్రం అనిశ్చితి లేదు. అది బుద్ధిపూర్వకంగా చేసే పని.

తెలుగులో దీనికి దగ్గరగా వచ్చేది ‘గాలిలో దీపం’. ‘గోడమీది పిల్లి’ ఇక్కడ పొసగదు. అది ఎటూ తేల్చని మనిషిని గురించిన మాట. ఇది ఎటూ తేలని పరిస్థితిని గురించినది.

ఈ భేదాలు మాకు పుస్తకాల వల్ల తెలిసినవి కావు. ఉద్యోగపు తొలినాళ్లలో, ఒక విద్యుత్కేంద్రంలో, రాత్రి షిఫ్టు ముగించుకొంటూ లాగ్‌బుక్కులో ‘ఫీడ్ పంపు బేరింగు – టచ్ అండ్ గో’ అని వ్రాసి ఇంటికి వెళ్లిపోయాము. ఆంగ్లం బాగా వ్రాశామన్న తృప్తి కూడా కలిగింది. ఉదయం షిఫ్టుకు వచ్చిన యువకుడు దానిని ‘కాస్త తగిలింది, పోయింది’ అని అర్థం చేసుకొన్నాడు. పంపు బాగానే ఉన్నదనుకొని, స్టాండ్‌బై పంపును మరమ్మతుకు అప్పగించాడు. తొమ్మిది దాటగానే బేరింగు వేడెక్కి అలారం మ్రోగింది. పంపును ఆపక తప్పలేదు. బదులుగా నడిపేందుకు మరొకటి లేదు. యూనిట్ లోడును సగానికి తగ్గించవలసి వచ్చింది. అదృష్టవశాత్తు ఎవరికీ గాయాలు కాలేదు.

సంజాయిషీ ఆ యువకుణ్ణి అడిగారు. తప్పు మాదేనని మేము ఒప్పుకొన్నాము.

ఆ రోజు మేము వ్రాయవలసినది ఇది: ‘బేరింగు 82 డిగ్రీలు. గంటకు ఒక డిగ్రీ చొప్పున పెరుగుతున్నది. అలారం 85 వద్ద. కారణం తెలియలేదు. స్టాండ్‌బై పంపును విడువరాదు.’ ఇందులోనూ అనిశ్చితి ఉన్నది. అయితే ఏది తెలుసు, ఏది తెలియదు, ఏమి చేయాలి అన్నది తరువాతి షిఫ్టువారికి స్పష్టంగా అందుతుంది.

జాతీయాలు సంభాషణకు అందం. మిత్రులతో, కుటుంబంతో మేము నేటికీ వాటిని ఇష్టంగా వాడుతాము. లాగ్‌బుక్కులో మాత్రం ఆనాటి నుండి ఒక్కటీ వ్రాయలేదు.