కారులో పెట్రోలు వాసన: అత్తరుతో కప్పిపుచ్చకండి

గత వేసవిలో మేము కర్నూలు నుండి నంద్యాలకు ఒక వలీమా విందుకు బయలుదేరాము. ఊరి చివర బంకులో ట్యాంకు నిండా పెట్రోలు పోయించాను. కొంత దూరం వెళ్ళగానే వెనుక సీటులోని మా అమ్మాయి, "అబ్బా, పెట్రోలు వాసన వస్తోంది" అన్నది. "నాకేమీ రావడం లేదే! బంకులో అంటుకున్న వాసన అయి ఉంటుంది, పోతుందిలే" అన్నాను. పైగా, అద్దానికి వేలాడుతున్న అత్తరు సీసా మూతను కొద్దిగా వదులు చేశాను. పాణ్యం చేరేలోగా ఏడేళ్ళ మనవడు తలనొప్పి అంటూ వాంతి చేసుకున్నాడు. నేను కారు ఆపింది అప్పుడు.

మన ముక్కు స్వభావం విచిత్రమైనది. ఒకే వాసన మధ్య కొంతసేపు ఉంటే దాన్ని గుర్తించడం మానేస్తుంది. కనుక రోజూ కారు నడిపే వ్యక్తి మాట కంటే అప్పుడే కారెక్కిన వారి మాటకు ఎక్కువ విలువ ఇవ్వాలి. ఇంట్లో స్త్రీలో పిల్లలో వాసన వస్తోందని చెప్పినప్పుడు "నాకు రావడం లేదు" అనేది జవాబు కాదు.

వంటింట్లో గ్యాసు వాసన వస్తే మనం తలుపులు తెరుస్తాం, స్విచ్చులు ముట్టుకోం. కారు విషయంలో ఆ జాగ్రత్త ఎందుకో గుర్తుకు రాదు. మైనస్ 40 డిగ్రీల చలిలోనూ అంటుకోగల ఆవిరిని పెట్రోలు వదులుతుంది. మన రాయలసీమ ఎండల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువైనది. అందువల్ల పైకి పోకుండా నేలను అంటి పాకుతుంది, పల్లంలో నిలిచిపోతుంది. చాలా ఇళ్ళలో మెట్ల క్రింద, నీళ్ళ మోటారు ప్రక్కనే కారు నిలుపుతారు. మోటారు వేసినప్పుడు లేచే చిన్న నిప్పురవ్వ చాలు.

వాసన ఘాటుగా ఉన్నా, కారు క్రింద చుక్కలు కనిపించినా ఖాళీ స్థలంలో ఆపి, ఇంజను కట్టేసి, అందరూ దిగి దూరంగా వెళ్ళాలి. "ఒకసారి స్టార్టు చేసి చూద్దాం" అనుకోకూడదు. మేము కారును రోడ్డు ప్రక్కన ఖాళీ స్థలంలో వదిలి బస్సులో విందుకు వెళ్ళాము. మరునాడు నంద్యాల నుండి ఒక మెకానిక్కును వెంటబెట్టుకుని వచ్చాను.

అతను బానెట్ ఎత్తకముందే అడిగిన ప్రశ్న ఒకటి: "వాసన ఎప్పుడెప్పుడు వస్తోంది, మౌలానా సాబ్?" సగం రోగనిర్ధారణ ఆ ప్రశ్నలోనే ఉన్నదని తరువాత అర్థమయింది.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు, అదీ వెనుక సీటులో వస్తే ట్యాంకు మూత రబ్బరు, పెట్రోలు పోసే గొట్టం, ట్యాంకుపై పంపు సీలు – వీటిని అనుమానించాలి. ఇంజను స్టార్టు చేసిన వెంటనే ముందు వైపు నుండి వస్తే బానెట్ క్రింది పైపులు, ఇంజెక్టర్ల సీళ్ళు చూడాలి. ఏసీని లోపలి గాలికి మార్చితే వాసన తగ్గుతుంది గాని లోపం అక్కడే ఉంటుంది. ఇంజనాయిల్ చూసే పుల్లకే పెట్రోలు వాసన అంటి, ఆయిల్ మట్టం పెరిగి ఉంటే పెట్రోలు ఇంజనాయిల్‌లో కలుస్తున్నట్లే. ఆ బండిని నడపరాదు. సైలెన్సర్ నుండి పచ్చి పెట్రోలు వాసన వస్తే ఇంధనం సరిగా మండడం లేదన్న మాట. దానితోపాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు ఏ వాసనా ఉండదు, అదే ఎక్కువ ప్రమాదకరం.

మనం చేతులారా తెచ్చుకునే లోపం ఇంకొకటి ఉంది. బంకులో గన్ను దానంతటదే ఆగిన తరువాత కూడా, లెక్క సరిచేయడానికి "ఇంకో యాభై రూపాయలది" పోయిస్తాం. ట్యాంకులోని ఆవిరిని పీల్చుకోవడానికి బొగ్గు నింపిన చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, దాన్ని కానిస్టర్ అంటారు. అది ఆవిరికే గాని ద్రవానికి కాదు. పొర్లిన పెట్రోలు అందులోకి చేరితే అది పాడై రోజుల తరబడి వాసన వస్తుంది. నేను ఏళ్ళ తరబడి అలాగే పోయించాను! ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది కనుక పాత కార్ల రబ్బరు పైపులను, సీళ్ళను ప్రతి సర్వీసులోనూ చూపించుకోవడం మంచిది.

మా కారు లోపం వెనుక సీటు క్రింద దొరికింది. సీటు లేపి, రేకు మూత తీయగానే పంపు చుట్టూ తడి కనిపించింది. అంతకుముందు ఎవరో పంపు విప్పి, ఉబ్బిపోయిన పాత సీలునే మళ్ళీ పెట్టి పైన జిగురు పూశారు. ఆ జిగురు పెట్రోలుకు కరిగిపోయింది. మెకానిక్కు మొదట బ్యాటరీ వైరు తీశాడు, నాలుగు తలుపులూ తెరిచి చాలాసేపు గాలి ఆడనిచ్చాడు, పైపులోని ఒత్తిడి తగ్గించాడు, ఆ తరువాతే పంపు విప్పాడు. కొత్త సీలు వేసి, "ఒకసారి ట్యాంకు నింపి చూస్తే గాని బాగయిందని చెప్పలేను" అన్నాడు. ఆ మాట నాకు నచ్చింది.

వారం తరువాత ట్యాంకు నింపించాను, గన్ను ఆగిన చోటే ఆపించి. రాత్రంతా కారును ఆరుబయట, అద్దాలు మూసి ఉంచాను. క్రింద ఒక శుభ్రమైన అట్ట పరిచాను. తెల్లవారి నేను తలుపు తీయలేదు. మా అమ్మాయిని పిలిచి తీయమన్నాను. వెనుక సీటులో వంగి చూసి, "ఏమీ రావడం లేదు అబ్బా" అన్నది. అట్ట మీద మరక కూడా లేదు. అత్తరు సీసా విప్పి ఇంట్లోకి తెచ్చాను.