'యా' అనాలా... 'యెస్' అనాలా?

"అమ్మాయ్, సాయంత్రం గుడికెళ్దామా?" అని అత్తగారు అడిగితే "అలాగే అత్తయ్యా" అంటాం. అదే మాట చెల్లెలు అడిగితే "ఓ, పద!" అనేస్తాం. ఎవరి దగ్గర ఎలా ఒప్పుకోవాలో మనకెవరూ పనిగట్టుకుని నేర్పలేదు. వింటూ పెరిగాం, వచ్చేసింది.

చిక్కంతా ఇంగ్లీషు దగ్గరే! సినిమాల్లో, టీవీలో విన్న 'యా' నోటికి అలవాటైపోతుంది. ఇంటర్వ్యూలో పెద్దాయన "వేరే ఊళ్ళో పనిచేయగలరా?" అని అడిగినా అదే దొర్లుతుంది. మీకు ఆ ఉద్దేశం లేకపోయినా, ఆయనకది నిర్లక్ష్యంగా తోచవచ్చు.

చనువున్న చోట...

'యా', 'యెప్' స్నేహితుల మధ్య ముద్దుగానే ఉంటాయి. 'ఓకే' కూడా ఒకప్పుడు వేళాకోళపు మాటే. 1839లో అమెరికాలోని బోస్టన్ పత్రిక ఒకటి 'ఆల్ కరెక్ట్'ను సరదాకి తప్పుల స్పెల్లింగుతో రాసి, ఆ రెండు మాటల మొదటి అక్షరాలనే అచ్చువేసింది. ఇవాళ అది ఆఫీసుల్లోనూ చెల్లుతోంది. అయితే ఒక్కసారి అంటే చాలు. "ఓకే ఓకే" అంటే "ఇక ఆపండి" అన్నట్టుంటుంది. ఫోన్లో పై అధికారికి 'కె' అని ఒంటి అక్షరం పంపడమూ అలాంటిదే.

ఎక్కడైనా చెల్లేవి...

'యెస్', 'ఆల్ రైట్' ఎవరితోనైనా అనొచ్చు. 'ష్యూర్' కాస్త చనువు మాటే అయినా చాలాచోట్ల ఇబ్బంది ఉండదు. 'సర్టెన్లీ' మరింత మర్యాద. మన 'అండి'కి ఇంగ్లీషులో సరిజోడు లేదు. మన ఆఫీసుల్లో 'సర్', 'మేడమ్' కొంతవరకు ఆ లోటు తీరుస్తాయి. మిగతాది పూర్తి వాక్యం చూసుకుంటుంది. "రేపటికి ఈ పని పూర్తిచేస్తారా?" అంటే "యెస్ మేడమ్, ఐ విల్" అనండి. ఇక్కడ 'ఐ అగ్రీ' పొసగదు. అది ఎదుటివారి అభిప్రాయంతో ఏకీభవించేటప్పుడు అనే మాట.

'ఆఫ్ కోర్స్'తో జాగ్రత్త

"మీ పెన్ను ఒకసారి ఇస్తారా?" అన్నప్పుడు 'ఆఫ్ కోర్స్' అంటే "దానికేం, తీసుకోండి" అని. బాగుంటుంది. "ఈ బస్సు సికింద్రాబాద్ వెళ్తుందా?" అన్నప్పుడు అదే మాటంటే "ఆమాత్రం తెలీదా?" అన్నట్టు తగులుతుంది. అక్కడ ఉత్త 'యెస్' చాలు.

అసలు ముప్పు ఇదీ!

పాప స్కాలర్‌షిప్పు గురించి ఆఫీసునుంచి ఫోనొచ్చిందనుకోండి. "డిడింట్ యూ సెండ్ ద పేపర్స్?" అని అడిగారు. కాగితాలింకా మీ దగ్గరే ఉన్నాయి. "అవునండీ, పంపలేదు" అని మనసులో అనుకుని 'యెస్' అనేశారు. అవతలివారికి అది "పంపాను" అని వినబడింది. పోస్టులో వస్తున్నాయి కాబోలనుకుని వాళ్ళు ఊరుకుంటారు. జవాబు ఇచ్చేశాంలే అని మీరూ ఊరుకుంటారు. ఈలోగా గడువు కాస్తా దాటిపోతుంది!

తెలుగులో మనం ఎదుటివారి మాటకు 'అవును' అంటాం. ఇంగ్లీషులో చూడాల్సింది జరిగిన పనిని. పంపకపోతే "నో, ఐ డిడింట్". పంపితే "యెస్, ఐ డిడ్". ఆ తోక మాట వదలకండి. మీరు పొరపడినా అవతలివారికి అనుమానమొచ్చి మళ్ళీ అడుగుతారు. ఫోన్లో తలూపినా వాళ్ళకు కనబడదు కదా!

పిల్లలతో సరదాగా ఒక ఆట ఆడి చూడండి. "నువ్వు పాలు తాగలేదా?" అని ఇంగ్లీషులో అడగండి. 'యెస్' అన్నారో 'నో' అన్నారో, ఆ తర్వాత గ్లాసులో ఏముందో చూడండి. నాలుగు రోజుల్లో వాళ్ళకీ, మీకూ అలవాటైపోతుంది.

ఏ మాట వాడాలో తోచనప్పుడు 'యెస్' దగ్గరే ఆగండి. చనువు పెరిగాక 'యా' దానంతటదే వస్తుంది. ముందే వస్తేనే ఇబ్బంది.